పత్తెం

ఇది రెండేళ్ళ కిందటే రాయవలసింది. ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర మంచి జవాబే ఉంది. నలభై తొమ్మిదో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఒక మనిషి గురించి ఇన్ని పేజీలు రాయాలంటే చెయ్యి తిరగొద్దా అంటే అందరూ ఔనంటారు. కానీ అది సాకు. వాడు చనిపోయేనాటికి నాకు రాయడం వచ్చి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలో నేను నిండుగా రాసింది ఒక్కటే పేజీ. అది మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అబద్ధం. నిజం రాయాలంటే ముందు ఆ పేజీ అబద్ధమని ఒప్పుకోవాలి. అందుకని రాయడం రానట్టే ఉండిపోయాను.

మొన్న ఆదివారం ఆ పేజీ మా కోడలికి దొరికింది. అందులో ఉన్నది నిజమనుకుని అన్నం తగ్గించింది. దానికిప్పుడు అయిదో నెల. ఇంక ఆగడానికి లేదు.

వాడు మా బావగారి కొడుకు. నన్ను సిన్నమ్మా అని పిలిచేవాడు. వాడి పేరు రాయను. మా ఊళ్ళో ఆ పేరు చాలామంది ముందో వెనకో ఇంకో మాట తగిలించే పలికేవారు. ఇక్కడ రాసినా మావాళ్ళ నోటికి ఆ మాటే ముందొస్తుంది.

ఎండాకాలమైనా చలికాలమైనా వాడు రెండు చొక్కాలు తొడుక్కునేవాడు, ఒకదాని మీద ఒకటి. లోపలిది ఎప్పుడూ మంచిది. పైది చిరిగినది. "మంచిది పైకేసుకోవచ్చు కదరా" అంటే, "మంచిది నాకు సిన్నమ్మా, పైది ఊరికి" అనేవాడు.

పొద్దున్నే రోడ్డు మీదకు వెళ్ళి బస్సుల కోసం నిలబడేవాడు. ఎక్కడానికి కాదు, చదవడానికి. మా ఊరి మీదుగా బొబ్బిలి బస్సులు తిరుగుతాయి. వచ్చిన ప్రతి బస్సు బోర్డునీ గట్టిగా పైకి చదివేవాడు. డ్రైవర్లకు అలవాటై హారన్ కొట్టి మరీ వెళ్ళేవారు. బస్సు లేనప్పుడు ఎరువుల సంచి, సబ్బు చుట్టిన కాగితం, గోడల మీద ఎన్నికల రాతలు, ఏది కంటబడితే అది చదివేవాడు. "సదువుతున్నంతసేపూ సణుగుడుండదు" అని ఒకసారి చెప్పాడు.

సణుగుడు అనేది వాడు పెట్టుకున్న పేరు. మనిషి లేకుండా చెవిలో వినిపించే గొంతుకి. "ఈయేళ సణుగుడు తక్కువగానే ఉన్నాది" అని, వాన తగ్గింది అన్నట్టు చెప్పేవాడు. అది ఏమంటుందిరా అని ఎన్నోసార్లు అడిగాను. నవ్వి ఊరుకునేవాడు. ఒక్కసారి మాత్రం, "మాటలు తెలవ్వు సిన్నమ్మా. ఎవులో గోడేపు తిరిగి పడుకుని మాటాడినట్టుంటాది" అన్నాడు. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు. ఎందుకు అడగలేదో కొంచెం ఆగి చెప్తాను.

వాడు పిచ్చోడు కాబట్టి నవ్వడం, నవ్వించడం రాదనుకునేవారు చాలామంది. టీ కొట్టు దగ్గర బావ వరసయ్యే ఒకాయన రోజూ పలకరించేవాడు. "ఏరా పిచ్చోడా, ఏ ఊరెల్తన్నావు?" ఒకరోజు వీడు టీ గ్లాసు కింద పెట్టి, "ఔను బావా. నాకు పిచ్చని డాట్రు రాసిచ్చిన కాయితం నాకాడున్నాది. నీకు నేదని రాసిచ్చిన కాయితం నీకాడున్నాదేటి?" అన్నాడు. కొట్టు కొట్టంతా నవ్వింది. ఆ బావ ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.

ఇవన్నీ ఊరంతా చూసినవే. ఊరు చూడనిది ఒకటుంది. తిండికి కూర్చునే ముందు వాడు వంటింట్లోకి వచ్చి, మెడ వంచి, కుండలోకి చూసేవాడు. అన్నం ఎంత ఉందో చూసి, అప్పుడు వెళ్ళి కూర్చునేవాడు. పెట్టినదాన్ని రెండు కుప్పలు చేసేవాడు. ఒక కుప్ప తిని ఆగేవాడు. నా మొహం చూసేవాడు. నేను "తినరా" అంటే రెండోది తినేవాడు. అనకపోతే వదిలేసేవాడు. మా ఆయన విసుక్కునేవాడు. "మనమేదో కరువులో పెట్టినట్టు ఆ సూపేట్రా" అని. వాడు కంచం వైపు చూస్తూ, "అలవాటు సిన్నాన్నా" అనేవాడు. కుండలోకి అలా మెడ వంచి చూడడం వాడికి ఎవరి నుంచి వచ్చిందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

వాడి తల్లి, నా తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. నేను పదిహేనో ఏట కాపురానికి వచ్చేసరికి అక్కకు మూడో నెల, వీడు కడుపులో ఉన్నాడు. అంతకు ముందు కాన్పులో బిడ్డ బాగా పెద్దది. మూడు రోజులు నొప్పులు పడి, చివరికి బిడ్డ దక్కలేదు. అక్క కూడా పోయిందనే అనుకున్నారట. అది కళ్ళారా చూసిన మా అత్తకి అప్పటి నుంచీ ఒకటే భయం. తిండి ఎక్కువైతే బిడ్డ ఒళ్ళు చేస్తుంది, బిడ్డ ఒళ్ళు చేస్తే తల్లి ప్రాణానికి వస్తుంది. అందుకని అక్క చేత పత్తెం చేయించింది. మా వైపు కడుపుతో ఉన్నామెకు పత్తెం అంటే మంచి తిండి కాదు. నోరు కట్టేయడం. పూటకి ఒక్క గరిటె చోడి అంబలి, అదే రాగి అంబలి, లేకపోతే ఒక్క గరిటె అన్నం, చారు. గుడ్డు వద్దు, చేప వద్దు, పనస పండు వద్దు, నువ్వులు వద్దు.

మా అత్త చెడ్డది కాదు. ఆ మాట ముందే రాస్తున్నాను. కోడల్ని బతికించుకోవాలనే చేసింది.

వడ్డన నాకు అప్పగించింది. "ఒలే, దానికి ఒక్క గరిటే. కళ్ళెంట నీళ్ళెట్టుకున్నా ఇంకోటి ఎయ్యకు. ఎయ్యడమంటే సంపీడమే" అంది.

కొబ్బరి చిప్పకు వెదురు పుల్ల బిగించిన గరిటె అది. నిండా ముంచి పోస్తే ఒక మనిషికి సగం కడుపు నిండుతుంది. నేను నిండా ముంచేదాన్ని కాదు.

ఇది రాయడానికే మూడు రోజుల నుంచి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. అందరూ తిన్నాక కుండలో మిగిలింది చిన్న కోడలిది. అది ఆ ఇంటి పద్ధతి. నాకు పదిహేనేళ్ళు. పొద్దున్నుంచీ నూతి దగ్గర, గొడ్ల దగ్గర పని. ఎప్పుడూ ఆకలే. అక్కకు గరిటె వెలితిగా పోస్తే నాకు ఆ వెలితి మిగిలేది. మొదటిసారి పొరపాటున వెలితి పడింది. అక్క ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి రెండోసారి కావాలనే వెలితి చేశాను. ఆ తర్వాత నెలల తరబడి అదే కొలత అయిపోయింది. అక్క తిని, మెడ వంచి కుండలోకి చూసేది. ఎంత ఉందో చూసేది. నేను కుండని నా వైపు వంచుకునేదాన్ని, అడుగు కనబడకుండా.

వీడు తేలిగ్గానే పుట్టాడు. "సూసినారా, జారొచ్చేసినాడు" అని మా అత్త వీధిలో అందరికీ చెప్పుకుంది. రెండు అరచేతుల్లో పట్టేటంత ఉన్నాడు. ఏడుపు కూడా పిల్లి కూన ఏడ్చినట్టు. ఆ తర్వాత అక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. తిప్పితే తిరిగేది, వదిలితే మళ్ళీ గోడ వైపే. ఏదో గొణిగేది. ఎవరితోనూ కాదు, గోడతో. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. పాలు పట్టే వేళకు ఇవతలికి తిప్పి బిడ్డని ఒళ్ళో పెట్టేవాళ్ళం. పట్టి, మళ్ళీ తిరిగిపోయేది. వాడు పాకడం వచ్చాక మంచం ఎక్కి ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. రెండేళ్ళు ఆ వీపే వాడికి అమ్మ. ఆ తర్వాత లేచి పనుల్లో పడింది కానీ మునుపటి మనిషి కాలేదు. వాడికి పన్నెండేళ్ళప్పుడు పోయింది.

అందుకే, గోడేపు తిరిగి ఎవరో మాట్లాడినట్టుంటుందని వాడు అన్నప్పుడు నేను మళ్ళీ అడగలేదు.

ఇంటర్ అయ్యాక వాడు బొబ్బిలి దగ్గర వీణలు చేసే పాకలో పనికి కుదిరాడు. పనస మొద్దు లోపల తొలిచి గుల్ల చేసే పని. మంచి పనివాడన్నారు. మూడో ఏడు ఒక మొద్దుని తొలుస్తూ ఆగలేదట. "సాలురా, పల్సబడిపోతాది" అని మేస్త్రి అంటున్నా, "నోపల ఎవుడో ఉన్నాడు, సణుగుతున్నాడు, తియ్యాలి" అని అడుగు చిల్లు పడేదాకా తొలిచాడట. మేస్త్రే స్వయంగా ఇంటికి తీసుకొచ్చి దిగబెట్టాడు. తిట్టలేదు. "ఆసుపత్రికి తీసుకెళ్ళండమ్మా, ఆలీసం సెయ్యకండి" అని వెళ్ళాడు.

పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బావగారు మద్రాసు వైపు పనిలో ఉన్నారు. మా ఆయన వాణ్ణి పట్టుకుని బయట కూర్చున్నాడు. లోపల కుర్ర డాక్టరు ఒక కాగితం ముందు పెట్టుకుని నన్ను అడగడం మొదలుపెట్టాడు. మన వైపు వాడు కాదు, మాట వేరేగా ఉంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? పుట్టగానే ఏడ్చాడా? చిన్నప్పుడు ఎవరు పెంచారు? చివరికి అడిగాడు. "తల్లి గర్భంతో ఉన్నప్పుడు తిండి ఎలా ఉండేదమ్మా?"

"పత్తెం బాగా పట్టాం బాబూ" అన్నాను.

"అంటే జాగ్రత్తగా చూసుకున్నారు. మంచి ఆహారమే."

అది ప్రశ్నో కాదో నాకు తెలియలేదు. కాదని అనడానికి ఒక్క క్షణం దొరికింది. "ఔను బాబూ" అన్నాను. రాసుకున్నాడు. చెప్పిన మనిషిగా నా చేత వేలిముద్ర వేయించాడు.

మందులతో వాడు చాలావరకు కుదుటపడ్డాడు. పని చేసుకునేవాడు, మళ్ళీ పడేవాడు, మళ్ళీ లేచేవాడు. పదేళ్ళు పైనే అలా గడిచాయి. తర్వాత రాష్ట్రం రెండైన ఏడాది, నెల మందులు ఇచ్చే చోటికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పాత కాగితాలన్నీ తీసి చదివిందట. ఆ రోజు వాడు బస్సు దిగి పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాడు.

"సిన్నమ్మా! నాను కడుపున ఉన్నప్పుడు మాయమ్మ బాగా తిన్నాదంట!"

నా చేతిలో చేట ఉంది. కింద పెట్టలేకపోయాను.

"ఎవులు సెప్పారు?"

"కాయితంలో ఉన్నాది. డాట్రమ్మ సదివింది. మంచి ఆహారం అని రాసున్నాది. నువ్వే సెప్పినావంట కదా? ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పనేదు?"

వాడి తల్లి కడుపు నిండా తినగా వాడెప్పుడూ చూడలేదు. మంచాన పడ్డ మనిషిని, మాటలేని మనిషిని, కుండలోకి చూసే మనిషిని చూశాడు. ఆమె ఒకప్పుడు బాగా తిన్నది, అదీ వాణ్ణి మోస్తూ తిన్నది అనే మాట వాడికి ఎంత పెద్దదో నాకు అర్థమైంది. వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాడు. టీ కొట్టు బావకి కూడా.

ఆ తర్వాత నాకు చదువు చెప్పడం మొదలుపెట్టాడు. ముందు నాకు కారణం తెలియలేదు. రోడ్డు పక్క సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, వచ్చే బస్సు బోర్డు చూపించేవాడు. నేను నేర్చుకున్న మొదటి మాట బొబ్బిలి. "ఇందులో ఉన్నదంతా బ యే సిన్నమ్మా. ఒక్క బ వచ్చిందంటే ముప్పాతిక ఊరు వచ్చేసినట్టే. లి ఒక్కటీ రేపు నేర్చుకుందువు గానీ" అన్నాడు. వెళ్ళేవాళ్ళు నవ్వేవారు. "పిచ్చోడి కాడ సదువేటే?" అని ఒకావిడ అడిగింది. "తెలివైనోళ్ళెవులూ సెప్పనేదు మరి" అన్నాను. ఇంటికొచ్చాక వాడు ఆ మాట తలుచుకుని చాలాసేపు నవ్వాడు.

ఏడాది పట్టింది. ఒత్తులు, గుణింతాలు వచ్చాక ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"రాయి."

"ఏటి రాయాల?"

"నాను కడుపున ఉన్నప్పుడు అమ్మ ఏటేటి తిన్నాదో అన్నీ రాయి. కింద సంతకం పెట్టు. ఏలిముద్రయితే ఎవుడో నీ ఏలు పట్టుకుని ఏయించాడంటారు. సంతకమైతే మనిసి తెలిసి పెట్టినట్టు."

రాశాను. గుడ్లు. చేపల పులుసు. పనస తొనలు. నువ్వుల ఉండలు. పెరుగన్నం. మా అత్త వద్దన్నవన్నీ వరసగా రాశాను. ఆ రోజుల్లో నాకు తినాలనిపించినవీ రాశాను. పేజీ నిండింది. వాడు పక్కన కూర్చుని తప్పులు దిద్దాడు. "ఉండకి డ కి ఒత్తు లేదు సిన్నమ్మా. తొనకి ణ కాదు, న." నా అబద్ధంలో అక్షరాల తప్పులన్నీ వాడే సరిచేశాడు. కింద సంతకం పెట్టాను. అది నా మొదటి సంతకం. కాగితం నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లోపలి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి నెల మందులకు నేనూ వెళ్ళాను. వాడు కిటికీ దగ్గర వరసలో నిలబడ్డప్పుడు డాక్టరమ్మ దగ్గర కూర్చుని అడిగాను. తల్లి ఆకలితో ఉంటే కడుపులో బిడ్డకి ఇలాంటి జబ్బు వస్తుందా అని.

"ఒక్క కారణం అని ఎవరమూ చెప్పలేమమ్మా. కొంత వంశంలో ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి పస్తులుంటే, బాగా జబ్బు పడితే, పెద్ద దిగులులో ఉంటే కొంత. పుట్టాక పసితనంలో దెబ్బలూ ఒంటరితనమూ ఉంటే కొంత. ఇవి జబ్బు వచ్చే అవకాశాన్ని కొంచెం పెంచుతాయి. అంతే. పస్తులున్న తల్లుల పిల్లలందరికీ రాదు. వచ్చినవాళ్ళ తల్లులందరూ పస్తులున్నవాళ్ళు కాదు" అంది.

"మరి సెవిలో వినపడే గొంతు? సిన్నప్పుడు ఇన్న గొంతేనా అది?"

"అలా ముడి పెట్టకూడదమ్మా. అంత సూటిగా ఉండదు." తర్వాత కాగితాల మీద చెయ్యి ఆనించి, "ఎందుకు అడుగుతున్నారు? ఇందులో రాసింది తప్పా?" అంది.

కిటికీ దగ్గర నుంచి వాడు మందుల కవరు ఊపుతూ వస్తున్నాడు. రెండు చొక్కాలు, జేబు ఎత్తుగా.

"నేదమ్మా. ఊరికే" అన్నాను.

మూడేళ్ళ తర్వాత వానాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ జబ్బుకీ ఈ జబ్బుకీ సంబంధం లేదన్నారు. స్నానం చేయించేటప్పుడు లోపలి చొక్కా జేబులో ఆ కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగి, వెనక నుంచి టేపు అంటించి ఉంది. వాడితో పంపేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. రేషను కార్డు, ఆధార్ కార్డులు పెట్టే బిస్కట్ డబ్బాలో అడుగున పెట్టాను.

మొన్న ఆదివారం మా కోడలు ఆధార్ కార్డు కోసం ఆ డబ్బా తీసింది. అంగన్‌వాడీలో అడిగారట. డిగ్రీ దాకా చదివిన పిల్ల, ఎచ్చెర్ల దగ్గర వాళ్ళ ఊరు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి దాని మనసులో ఒక భయం ఉంది. మా ఇంటి రక్తంలో పిచ్చి ఉందని ఎవరో చెప్పారు. కడుపు వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది. దానికి తోడు వాళ్ళమ్మ ఫోన్లో రోజూ ఒకటే మాట, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై ఆపరేసన్ అవుతాది అని. నేను రెండో గరిటె వెయ్యబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది. ఐరన్ బిళ్ళలు తలగడ కింద దాచేది. చూసి కూడా మెల్లగా చెప్దాంలే అనుకుంటూ వచ్చాను.

కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఇది నీ రాతేనా?"

"ఊఁ."

"బావగోరు కడుపులో ఉన్నప్పుడు ఆళ్ళమ్మ ఇదంతా తిన్నాదా?"

నేను బియ్యం చెరగడానికి చేట అందుకున్నాను. అది దాన్నే ఔననుకుంది.

"సూసినావా మరి. ఇంత తింటే కడుపులో బిడ్డకి జాగా ఎక్కడుంటాది? నలిగిపోయుంటాడు పాపం. అందికే తల అలగయ్యుంటాది. మాయమ్మ సెప్పిందే నిజం. నువ్వూ ఆ నర్సమ్మా నన్ను తిను తిను అని సంపుతున్నారు." నవ్వుతూనే అంది. కానీ ఆ పూట కంచంలో సగం అన్నం అలాగే వదిలేసింది. రాత్రికి ఇంకా తగ్గించింది. ఒక కుప్ప తిని, రెండో కుప్పని పక్కకు నెట్టింది.

ఆ రెండో కుప్ప చూశాక నాకు మనసు నిలవలేదు. నోటితో చెప్దామని మూడుసార్లు దాని గది గుమ్మం దాకా వెళ్ళాను. నోటితో చెప్తే నేను మళ్ళీ "పత్తెం బాగా పట్టాం" లాంటి మాటే ఏదో అంటానని నాకు తెలుసు. విన్నవాళ్ళు వాళ్ళకి కావలసినట్టు అర్థం చేసుకునే మాట. అది నాకు బాగా అలవాటు. కాగితం మీదైతే తప్పించుకోవడం కష్టమని వాడే నాకు నేర్పాడు.

వాడి జబ్బుకి నా గరిటే కారణమని నేను అనడం లేదు. డాక్టరమ్మ చెప్పింది విన్నాను. మా ఇంటి రక్తంలో ఏముందో నాకు తెలియదు. అక్క గోడ వైపు తిరగడం ఎంత, మా అత్త భయం ఎంత, నా గరిటె ఎంత, ఎవరు తేల్చగలరు? కొంచెం కొంచెం కలిసింది అంటే ఆ కొంచెంలో నాది ఉంది. ఎంతో తెలియకపోవడమే కష్టంగా ఉంది. అంతా నాదే అని తెలిసినా ఏడ్చి ఊరుకునేదాన్ని. ఏమీ కాదని తెలిస్తే నిద్రపోయేదాన్ని.

ఒక్కటి మాత్రం ఖాయంగా తెలుసు, అదే కోడలికి చెప్పాలి. వాడి తల్లి తినలేదు. తినాలని ఉన్నా తినలేదు. నేను పెట్టలేదు. ఆ కాగితంలో ఉన్నవేవీ ఆమె నోటికి చేరలేదు. చేరిందాంట్లో కూడా కొంత నేను తిన్నాను.

ఇంతవరకూ రాసి పుస్తకం మూశాను.

మర్నాడు పొద్దున చోడి అంబలి కాచాను. కోడలు తల దువ్వుకుని వచ్చి వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. గ్లాసు పెట్టకుండా ముందు ఈ పుస్తకం దాని ఒళ్ళో పెట్టాను. పైన నాలుగు మడతల కాగితం పెట్టాను.

"ముందు ఇది సదువు. పైనున్న కాయితం అబద్దం. కిందున్నది నిజం" అన్నాను.

నేను మూడు రోజులు రాసింది అది అంబలి మీద మీగడ కట్టేలోపు చదివేసింది. పెదవులు కదపకుండా చదువుతుంది. ఒకచోట వెనక్కి తిప్పి ఒక పేజీ మళ్ళీ చదివింది. ఏ పేజీయో నాకు తెలుసు. పుస్తకం మూసి పక్కన పెట్టింది. నేను గరిటె తీసుకుని అంబలిలో ముంచాను. నిండా ముంచాను, అంచు దాటి కొంత ఒలికింది.

అది లేచి వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుంది.

"నానే ఏసుకుంతాను అత్తా" అంది.

కోపమో కాదో ఆ గొంతులో తెలియలేదు. ఒక గరిటె పోసుకుంది. నిలబడే తాగింది. ఇంకొకటి పోసుకుంది. అప్పుడు, మెడ వంచి, కుండలోకి చూసింది.

"నీకు సాలుతాదా?" అంది.

"సాలుతాది" అన్నాను. కుండని దాని వైపు వంచి అడుగు చూపించాను.